నాన్నని వాకింగ్‌కి పంపకండి, పాలకి పంపండి

మా నాన్న తెనాలిలో ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయిన ఏడాదికి ఆయన్ని హైదరాబాద్ తెచ్చేసుకున్నాం. ఏడో ఫ్లోరు, లిఫ్టు ఉంది, గాలీ వెలుతురూ బాగా వస్తాయి, ఆయనకంటూ ఒక రూము, రూములో టీవీ, టైముకి భోజనం, ఇంకేం కావాలి పెద్దాయనకి అనుకున్నాం మేము. ఎనిమిది నెలలు తిరిగేసరికి సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ఒకటికి రెండుసార్లు ముందుకి ఊగి, మూడోసారికి లేస్తున్నారు. రక్తపరీక్షలు చేయిస్తే పెద్దగా ఏం లేదు. "రోజూ వాకింగ్ చేయించండమ్మా" అన్నారు డాక్టరుగారు, రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఆ మాట ఎవరైనా చెప్తారు, చేయించేది ఎలాగో చెప్పరు. నేను స్మార్ట్ వాచీ కొన్నా, మూడో రోజుకి డ్రాయర్లోకి పోయింది, దానికి ఛార్జింగు పెట్టడం ఇంకో ఉద్యోగం అన్నారు. వాకింగ్ షూస్ కొన్నా, డబ్బాలోనే ఉన్నాయి. రోజూ పొద్దున్నే "నాన్నా, వాకింగ్‌కి వెళ్ళారా" అని అడగడం మొదలెట్టా, దాంతో ఆయన నా అడుగుల చప్పుడు వినగానే కళ్ళు మూసుకుని నిద్ర నటించడం మొదలెట్టారు. ఇలా ఓ నాలుగు నెలలు తగలేశాక తెలిసినవి, మా ఇంట్లో పనిచేసినవి వరసగా రాస్తున్నా. మీ ఇంట్లో అరవై ఐదు దాటిన వాళ్ళుంటే, ముఖ్యంగా ఊరు మార్పించి తెచ్చుకున్నవాళ్ళుంటే, పనికొస్తాయి. నేను డాక్టర్ని కాదు. గుండెజబ్బు, ఈమధ్య ఆపరేషను, ఈమధ్య పడిపోవడం లాంటివి ఉంటే వాళ్ళకి చూపించుకునే మొదలెట్టండి.

ముందు ఒక కాగితం తీస్కోండి

ఫోన్లో కాదు, కాగితమే. మధ్యలో నిలువుగా గీత గీసి ఒక పక్క "ఊళ్ళో", ఇంకో పక్క "ఇప్పుడు" అని రాయండి. పెద్దాయన్నే కూర్చోబెట్టి అడగండి, పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎన్నిసార్లు గడప దాటేవాళ్ళు, దేనికి, దారిలో ఎవరెవరు కలిసేవాళ్ళు అని. ఒంట్లో ఎలా ఉందంటే "బానే ఉంది" అని ఊరుకునే మనిషి కూడా ఊరి సంగతి అడిగితే గంట చెప్తారు.

మా నాన్న చెప్పినవి ఇవి. పాలకి. పేపరుకి, అదీ ఇంటికి వేయించుకోకుండా టీ కొట్టు బల్ల మీద చదవడానికి. టిఫినయ్యాక కూరగాయలకి, అవి కూడా ఒక్కచోట కొనరు, వంకాయలు ఒకావిడ దగ్గర, ఆకుకూర ఇంకొకరి దగ్గర. బ్యాంకుకి, డబ్బులు తీయడానిక్కాదు, పాస్‌బుక్కులో ప్రింటు వేయించుకోడానికి. సాయంత్రం కాలవ గట్టుకి. గుడికి. మళ్ళీ అరటిపళ్ళు మర్చిపోయానని ఇంకోసారి బజారుకి. లెక్కేస్తే ఏడుసార్లు గడప దాటారు, తక్కువలో తక్కువ పదిమందితో మాట్లాడారు, ఇంత చెప్పినా "వాకింగ్" అన్న మాట ఆయన నోట ఒక్కసారి రాలేదు. "ఇప్పుడు" అన్న వైపు ఏం రాయాలా అని చూస్తే పొద్దున బాల్కనీ, సాయంత్రం బాల్కనీ.

ఆ ఏడింటినీ తీసేసింది ఎవరయ్యా అంటే మేమే. పాలకి యాప్, కూరలకి యాప్, మందులకి యాప్, కరెంటు బిల్లు ఫోన్లో. ఆయనకి శ్రమ తగ్గిస్తున్నాం అనుకుంటూ ఒక్కోటీ పీకేశాం. కాబట్టి మీరు చేయాల్సింది కొత్తగా ఏదో నేర్పడం కంటే పీకేసినవి తిరిగి ఇచ్చేయడం. కాగితం దాచండి, మళ్ళీ పనుంది దాంతో.

కాళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూడండి

రెండే రెండు చిన్న పరీక్షలు, ఇంట్లోనే, మీరు పక్కన నిలబడి. చేతులు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించి వేయండి, ప్లాస్టిక్‌ది వద్దు, జారుతుంది. చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని పూర్తిగా లేచి నిలబడాలి, మళ్ళీ కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లో లెక్కపెట్టండి. అమెరికాలో పెద్దవాళ్ళు పడిపోకుండా చూడ్డానికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే పరీక్ష ఇది, 70 నుంచి 74 ఏళ్ళ మధ్య మగవాళ్ళకి 12 కంటే, ఆడవాళ్ళకి 10 కంటే తక్కువ వస్తే కాళ్ళలో బలం తగ్గిందని, పడే అవకాశం ఎక్కువని లెక్క. మా నాన్నకి అప్పుడు 72, వచ్చింది 7. ఏడోసారి లేచి, ఆయాసపడుతూ, "ఎవరితో పందెం?" అన్నారు.

రెండోది, అదే కుర్చీలోంచి లేచి మామూలు నడకతో మూడు మీటర్లు వెళ్ళి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే జాగ్రత్తపడాలి. ఈ రెండు నంబర్లూ తేదీ వేసి ఆ కాగితం వెనకే రాసిపెట్టండి. తక్కువొచ్చాయని కంగారుపడి ఆయన ముందు మొహం మాడ్చుకోవద్దు, అసలు ఎందుకు చూస్తున్నామంటే మూడు నెలల తర్వాత పోల్చుకోడానికి.

"బద్ధకం" అనే ముందు ఇవి చూడండి

పెద్దవాళ్ళు బయటికి రాకపోతే మనం వెంటనే బద్ధకం అనేస్తాం. చాలాసార్లు అసలు కారణం వాళ్ళు చెప్పుకోలేనిది.

మొదటిది మూత్రం. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్ళు, పిల్లల్ని కన్న ఆడవాళ్ళు, అర్జెంటుగా వస్తే ఎక్కడికి పోవాలి అన్న భయంతోనే ఇల్లు కదలరు. ఇది కొడుకుతో, అల్లుడితో చెప్పరు. మీరే వాళ్ళు వెళ్ళే దారిలో బాత్రూం ఎక్కడుందో ముందే చూసిపెట్టి మాటల్లో అనేయండి, "పార్కు గేటు పక్కన బాత్రూం శుభ్రంగానే ఉంది నాన్నా" అని. బీపీకి నీళ్ళమాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) వేసుకునేవాళ్ళయితే ఏ టైముకి వేసుకోవచ్చో డాక్టర్ని అడగండి, మీరే మార్చేయొద్దు.

రెండోది చెవులు. ప్రపంచంలో 60 దాటినవాళ్ళలో నాలుగోవంతుకి పైగా మందికి ఇబ్బందిపెట్టేంత చెవుడు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నలుగురిలో కూర్చుంటే సగం వినపడక, మళ్ళీ మళ్ళీ "ఆఁ?" అనడం నామోషీ అయ్యి, మెల్లిగా రావడమే మానేస్తారు. మనం అది వైరాగ్యం అనుకుంటాం. టీవీ సౌండు పెరుగుతూ పోతుంటే అదే గుర్తు. కంట్లో శుక్లాలు కూడా అంతే, సాయంత్రం మెట్లు కనపడక కిందకి దిగరు.

మూడోది లేవగానే కళ్ళు తిరగడం. బీపీ మాత్రలు వాడేవాళ్ళకి పడుకుని లేచినప్పుడు బీపీ సడన్‌గా పడిపోవచ్చు. మంచం మీంచి లేచాక ఒక నిమిషం అంచున కూర్చుని, కాళ్ళు ఆడించి, అప్పుడు నిలబడమనండి. అయినా తూలుతుంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూసి డాక్టరుకి చెప్పండి.

షుగరు ఉంటే పాదాలు. స్పర్శ తగ్గినవాళ్ళు గడ్డి మీద మంచిదని ఒట్టికాళ్ళతో నడవడం మహా తప్పు, ముల్లు గుచ్చుకున్నా తెలీదు. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ చెప్పులు (షుగరు ఉన్నవాళ్ళ కోసం మెత్తటి రబ్బరుతో చేసేవి) దొరుకుతాయి, అవి కొనివ్వండి, రోజూ రాత్రి పాదాలు మీరే ఒకసారి చూడండి. ఇన్సులిన్ కానీ, షుగరు బాగా దించే మాత్రలు కానీ వాడుతుంటే జేబులో గ్లూకోజు బిళ్ళలో, కాస్త పంచదారో ఉండాల్సిందే.

మోకాళ్ళ నొప్పులా, అవి ఉన్నాయని కూర్చుంటే తొడ కండ కరిగి మోకాలి మీద ఇంకా బరువు పడుతుంది. అరిగిన మోకాలికి సరైన వ్యాయామం మందులాంటిదే అని ఫిజియోథెరపీ వాళ్ళు మొత్తుకుంటారు, ఒక్కసారి వాళ్ళకి చూపించి ఏవి చేయొచ్చో అడిగి రండి.

ఇప్పుడు పాల యాప్ తీసేయండి

నిజంగానే. నేను చేసిన పనుల్లో ఫలితం వచ్చిన మొదటిది ఇదే. ఒక సోమవారం పొద్దున "నాన్నా, యాప్ పనిచేయట్లేదు, పాలు రాలేదు, నాకు మీటింగుంది" అన్నా. అబద్ధమే. ఆయన చొక్కా వేసుకుని కిందకెళ్ళి, వాచ్‌మన్ని అడిగి, సందు చివర కొట్టుకెళ్ళి, నలభై నిమిషాలకి వచ్చారు. అర లీటరు పాలకి నలభై నిమిషాలు. మర్నాడు కూడా యాప్ పనిచేయలేదు.

ఇందులో కిటుకులు కొన్ని ఉన్నాయి. పని నిజమైనదై ఉండాలి, ఆయన తేకపోతే ఇంట్లో కాఫీ ఉండకూడదు, "ఊరికే తిరిగి రండి" అంటే ఎవరికీ ఒళ్ళు లేవదు. రోజుకి ఒకటే పని ఇవ్వండి, మొదటి వారం ఒకటి, తర్వాత రెండు. సామాన్లన్నీ ఒకేసారి చెప్పొద్దు, ఇవాళ కరివేపాకు, రేపు నిమ్మకాయలు. బరువు మోయించొద్దు. తెచ్చినదానికి వంక పెట్టొద్దు, వంకాయల్లో పుచ్చు వచ్చినా సరే, మా ఆయన ఒకసారి "మామయ్యగారూ, యాప్‌లో ఇంకా చవకండీ" అన్నారు పాపం మంచికే, రెండు రోజులు కూరగాయలు బందు.

దారి కూడా ఒకసారి మీరు నడిచి చూడండి. మన సిటీలో ఫుట్‌పాత్ అంటే సగం బళ్ళు, సగం గుంత. రోడ్డు దాటాల్సిన అవసరం లేని కొట్టు చూడండి. వీధికుక్కల భయం చిన్నదేం కాదు, చాలామంది పెద్దవాళ్ళు పొద్దున్నే బయటికి రాకపోవడానికి అదే కారణం. చేతిలో కర్ర పట్టుకోమంటే ముసలాణ్ణి చేశావు అంటారు కాబట్టి పొడుగు గొడుగు ఇవ్వండి, ఎండకీ వానకీ కుక్కకీ, తూలితే ఊతకీ.

ఎదురుచూసే మనిషి ఒకరు కావాలి

పాలతో గడప దాటుతారు, సరే. నిలబెట్టేది మాత్రం మనిషే. "నిన్న రాలేదేం?" అని అడిగేవాళ్ళు ఒక్కరుంటే చాలు, కాళ్ళు వాటంతటవే వెళ్తాయి. మనం అడిగితే అది డ్యూటీ, బయటివాళ్ళు అడిగితే అది పరువు.

అలాంటి మనిషిని తయారుచేయలేం కానీ తగిలే చోట పెట్టగలం. దీనికి ఆ కాగితం మళ్ళీ తీయండి, ఆయన చేసిన ఉద్యోగం చూడండి. మా అపార్ట్‌మెంట్లో ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్లు రోజుకి నాలుగైదు వస్తాయి, ఎన్ని వచ్చాయి, ఎన్నింటికి డబ్బులిచ్చాం అని ప్రతి నెలా గొడవే. నేను అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికెళ్ళి మా నాన్న ముప్ఫై ఏళ్ళు కండక్టర్ల వేబిల్లులు ట్యాలీ చేసిన మనిషండీ అని ఒక మాట చెప్పి వచ్చా, ఆయనకి చెప్పలేదు. ఆ సాయంత్రం సెక్రటరీగారే పైకొచ్చి "సార్, మీరు కొంచెం హెల్ప్ చేయాలి" అని రిజిస్టరు చేతిలో పెట్టారు. మర్నాటి నుంచి ట్యాంకరు హారను వినపడితే చాలు, పెన్ను జేబులో పెట్టుకుని లిఫ్టు దగ్గర ఉంటున్నారు. సంపు మూత తీయించి, పైపు పెట్టించి, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి, మూత మీద వేలితో కొట్టి చూసి, అప్పుడు సంతకం. ఆ సంపు దగ్గరే బీ బ్లాకులో ఉండే కరీంనగర్ పెద్దాయన తగిలారు, ఆయన టీచరుగా రిటైరు. ఇద్దరికీ మొదటి వారం ట్యాంకరు ఐదు వేల లీటర్లా కాదా అన్న దాని మీద పెద్ద వాదన. రెండో వారం కలిసి పాలకి. ఒకరోజు మా నాన్న జలుబని దిగలేదు, ఇంటర్‌కమ్ మోగింది, "ఏం సారూ, నిన్న రాకపోతిరి?" అని. ఆ ఫోను పెట్టేసి మఫ్లరు వెతుక్కున్నారు మా నాన్న.

మీ వాళ్ళకి ట్యాంకరు రిజిస్టరే అక్కర్లేదు. టీచరైతే వాచ్‌మన్ పిల్లలకి ఎక్కాలు, బ్యాంకాయనైతే పక్కింటివాళ్ళ ఫారాలు నింపడం, రైతైతే కింద ఖాళీ స్థలంలో నాలుగు బెండ మొక్కలు. పెన్షనర్ల సంఘాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి, పాత డిపార్ట్‌మెంటు వాళ్ళ మీటింగుకి ఒకసారి మీరే బండి మీద దింపి రండి. శాఖా గ్రంథాలయం దగ్గర్లో ఉంటే పేపర్లు చదివే బ్యాచ్ ఒకటి పొద్దున్నే ఉంటుంది. పార్కులో డబ్బుల్లేని పేకాట, చదరంగం, భజన, చర్చిలో ప్రార్థన కూటమి, మసీదులో నమాజు తర్వాత బయట బెంచీ, ఏదైనా సరే, రోజూ ఒకే టైముకి ఉండాలి, అవే మొహాలు ఉండాలి. నెలకోసారి జరిగే పెద్ద ఫంక్షను కంటే రోజూ పది నిమిషాల బెంచీ ఎక్కువ పనిచేస్తుంది. వాట్సాప్‌లో వంద గుడ్ మార్నింగ్‌లు వస్తాయి చూశారూ, అవి ఇందులోకి రావు. స్వతహాగా మాట తక్కువ మనిషైతే గుంపులోకి తోయకండి, పక్కన ఊరికే కూర్చునే ఒక్కరు చాలు.

అత్తయ్యల సంగతి వేరు

ఆడవాళ్ళకి రిటైర్మెంటు లేదు. మా అత్తయ్యకి 68, పొద్దున ఐదింటి నుంచి వంటింట్లో తిరుగుతూనే ఉంటారు, వాచీ పెడితే నాన్న కంటే ఎక్కువ అడుగులు వస్తాయి. కానీ వారం మొత్తంలో బయటి మనిషితో మాట్లాడింది పనిమనిషితో, కొరియర్ అబ్బాయితో. ఇక్కడ మీరు చేయాల్సింది తలకిందులు, నడక పెంచడం కాదు, వంటింట్లోంచి రెండు గంటలు విడిపించడం. ఒక పూట వంట మీరు చేయండి, "నువ్వు వెళ్ళమ్మా" అని ఊరికే అంటే వెళ్ళరు, స్టవ్ ముందు మీరు నిలబడాలి.

బస్సు గురించి చెప్పండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద అలాగే. ఆధార్ లాంటి కార్డు చేతిలో ఉంటే చాలు. మా అత్తయ్య ఇన్నేళ్ళూ అక్క ఇంటికి వెళ్ళాలంటే ఆటోకి డబ్బులు అడగాలని ఊరుకునేవారట, ఆ సంగతి నాకు బస్సు ఫ్రీ అయ్యాకే తెలిసింది, సిగ్గేసింది. ఇప్పుడు ప్రతి గురువారం వెళ్తారు, ఇద్దరక్కచెల్లెళ్ళూ కలిసి గుడికి పోతారు. బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది, రష్ లేని పదకొండు, మూడు మధ్యలో వెళ్ళమనండి. విష్ణు సహస్రనామ పారాయణం, కోలాటం బ్యాచ్‌లు, కార్తీకమాసంలో వనభోజనాలు, ఇవన్నీ ఆడవాళ్ళు వాళ్ళకి వాళ్ళు కట్టుకున్న క్లబ్బులే. కోలాటమైతే కాళ్ళకీ, బ్యాలెన్సుకీ, జ్ఞాపకానికీ అన్నిటికీ పని.

కాళ్ళలో బలం, ఇది వదలకండి

నడక ఒక్కటే సరిపోదు. నడవడానికి సరిపోయే బలం కుర్చీలోంచి లేచి నిలబడటానికి సరిపోదు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళ కండే కిలో దాకా తగ్గింది. అందుకే జ్వరం వచ్చి వారం పడుకున్న మనిషి తర్వాత బాత్రూంలో పడిపోతారు, పడ్డాక భయంతో కదలరు, కదలక ఇంకా నీరసిస్తారు.

జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం, ఐదేసి చొప్పున రెండుసార్లు. వంటగట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, పది. గోడకి అరచేతులు ఆనించి తోయడం, పది. గోడ పక్కనే ఒక పాదం మడమకి ఇంకో పాదం వేళ్ళు తగిలేలా, తాడు మీద నడిచినట్టు, పది అడుగులు. మొత్తం పది నిమిషాలు. దీనికి వేరే టైము పెడితే జరగదు, దేనికో ఒకదానికి ముడేయాలి. మా ఇంట్లో టీవీలో యాడ్స్ రాగానే కుర్చీది, టీ మరిగేలోపు మునివేళ్ళది. వార్తల ఛానల్లో యాడ్స్‌కి కొదవ లేదు కదా. ఊపిరి బిగపట్టొద్దు, నొప్పి పుడితే ఆపేయాలి.

తిండి సంగతి కూడా ఇక్కడే. పళ్ళు లేవని, అరగదని పెద్దవాళ్ళు రాత్రిళ్ళు చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు, కండకి కావాల్సిన ప్రొటీన్ అందులో ఏముంది. ఈ వయసువాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలని నిపుణులు చెప్తారు, అంటే అరవై కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. కాబట్టి పప్పు గట్టిగా, పెరుగు, ఉడికించిన శనగలు, తినేవాళ్ళకి గుడ్డు, చేప, మూడు పూటలా పంచండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా పెంచొద్దు.

ఎంత చేస్తే చాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం 65 దాటినవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, వారంలో మూడు రోజులైనా బలానికీ బ్యాలెన్సుకీ పనికొచ్చే కదలికలు. ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంతే కొలత. మొదటి రోజే 30 నిమిషాలు పెట్టుకోకండి, సున్నాలో ఉన్నవాళ్ళకి ఐదు నిమిషాలు కూడా లాభమే, వారానికో రెండు మూడు నిమిషాలు కలపండి.

పదివేల అడుగుల పిచ్చి వదిలేయండి. ఆ అంకె 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది, ఏ డాక్టరూ కొలిచి చెప్పింది కాదు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ళున్న పదహారు వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద చూసినదాంట్లో రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో ఆ నాలుగైదేళ్ళలో చనిపోయినవాళ్ళు బాగా తక్కువ, దాదాపు 7,500 దగ్గర ఆ తేడా ఆగిపోయింది. అంటే పాలకి, కూరకి, బెంచీకి వెళ్ళొస్తే చాలావరకు వచ్చేస్తుంది.

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చెమటలు పట్టడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వస్తే అక్కడే కూర్చోవాలి, 108కి ఫోన్ చేయాలి. ఇది ఆయనకీ, పక్కన నడిచే మనిషికీ కూడా చెప్పి ఉంచండి. జేబులో పేరు, మీ నంబరు, వాడే మందులు రాసిన కార్డు పెట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కకముందే, ఏడింటిలోపు ఇంటికి వచ్చేయాలి, దాహం వేయకపోయినా బయల్దేరేముందు గ్లాసుడు నీళ్ళు. డిసెంబరు, జనవరిలో తలకిందులు, మంచూ పొగా తగ్గాక ఏడు దాటాకే దిగమనండి. వాన రోజుల్లో అపార్ట్‌మెంటు కారిడార్లో ఆ చివరి నుంచి ఈ చివరికి.

అస్సలు కదలకపోతే

భార్యో భర్తో పోయిన కొత్తలో ఇవేవీ పనిచేయవు, పనిచేయించాలని చూడొద్దు కూడా. పక్కన కూర్చోండి, పోయినవాళ్ళ గురించి మాట్లాడనివ్వండి, ఇంట్లో అందరూ ఆ పేరు ఎత్తకుండా జాగ్రత్తపడటం అసలు పెద్ద తప్పు, మేం ఆ తప్పే చేశాం. కానీ నెలలు గడుస్తున్నా తిండి తగ్గిపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, "నాదేముంది, ఎప్పుడు పోతే ఏంటి" లాంటి మాటలు వస్తుంటే అది వయసు కాదు, డిప్రెషను కావచ్చు, దానికి మందుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. పెద్దవాళ్ళ కోసమే ఉన్న ఎల్డర్‌లైన్ 14567, పెన్షను, ఒంటరితనం, ఇంట్లో ఇబ్బంది ఏదైనా చెప్పుకోవచ్చు, వాళ్ళకే నంబరు సేవ్ చేసి ఇవ్వండి, మీ ముందు చెప్పలేనివి ఉంటాయి.

అమెరికా పిలిపించుకునేవాళ్ళకి ఒక మాట. మీరు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి పోయాక ఆ సబ్‌డివిజన్లో, అంటే ఊరికి దూరంగా ఉండే ఇళ్ళ కాలనీలో, కారు లేకుండా వాళ్ళు ఎక్కడికీ పోలేరు. టికెట్టు బుక్ చేసేముందే మీ వీధుల్లో ఇంకెవరి అమ్మానాన్నలు వస్తున్నారో కనుక్కోండి, వీలైతే అదే నెలల్లో పిలిపించుకోండి. దిగిన వారంలోనే నడిచి వెళ్ళగలిగే లైబ్రరీ, పార్కు చూపించి, ఇంటి అడ్రసు కార్డు ఇచ్చి, ఒకసారి మీరు వెనకాల నడుస్తూ వాళ్ళని ముందు నడవనివ్వండి. మంచు పడే చోట మాల్స్ లోపల పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళు ఉంటారు, వారాంతంలో అక్కడ దించండి.

మూడు నెలలకి మళ్ళీ కాగితం

అదే కుర్చీ, అదే గోడ. మా నాన్నకి 7 కాస్తా 11 అయింది. 12 రాలేదని ఆయనకి కోపం, నేను గడియారం తప్పు చూశానన్నారు.

అంతా బాగుందనుకుంటున్న టైంలో కరీంనగర్ పెద్దాయన కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయారు రెండు నెలలకి. ట్యాంకర్ల సీజనూ అయిపోయింది. వారంలో మా నాన్న మళ్ళీ బాల్కనీలోకి వచ్చేశారు, పాలకి కూడా "నువ్వే తెప్పించుకో" అన్నారు. కాబట్టి ఒక్క మనిషి మీదే పెట్టుకోకండి, మొదటివాళ్ళు ఉండగానే రెండో మనిషిని, రెండో పనిని చూసిపెట్టండి. మేం ఆలస్యంగా చూశాం, అయినా దొరికింది. వాచ్‌మన్ కూతురు నాలుగో తరగతి, లెక్కల్లో వీకు. సాయంత్రం ఆరింటికి పార్కింగులో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి. ఐదు నిమిషాలు లేటైతే ఆ పిల్ల ఏడో ఫ్లోరుకొచ్చి బెల్లు కొడుతుంది, "తాతా, పదమూడో ఎక్కం అప్పచెప్పాలి, రా" అని.